బీన్స్ కూర ముద్దవ్వకుండా, రంగు పోకుండా, పల్లికారం పట్టేటట్టు ఎట్లా చేయాలి?

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇదీ: ఇల్లు దేవరకొండ వైపు, ఉద్యోగం నల్లగొండలో, రూములో ఒక్కరే వండుకుంటున్నారు. ఇంట్లో అమ్మ చేసే బీన్స్ పల్లికారం కూర రాత్రి జొన్నరొట్టెలోకి, పొద్దున డబ్బాలోకి కావాలి. మీరు చేస్తే ఒకరోజు నీళ్లూరి ముద్దవుతోంది, ఇంకోరోజు ముక్క రబ్బరులా సాగుతోంది, రంగు మాత్రం ఏ రోజూ నిలవట్లేదు. పల్లిపొడి ముక్కకు అంటకుండా మూకుడు అడుగున మిగులుతోంది. కుక్కర్లో ఒక విజిల్ పెడితే పని సులువవుతుందా అని చివర్లో అడిగారు.

ముందు సూటి జవాబు. కుక్కర్ వద్దు, వెడల్పు మూకుడు చాలు. మొదటి నాలుగు నిమిషాలు మూత లేకుండా పెద్ద మంట మీద వేయించండి. తర్వాత ఉప్పు వేసి, రెండు మూడు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి ఆరేడు నిమిషాలు మగ్గనివ్వండి. మూత తీసి నీరు పూర్తిగా ఇంకిందాకా వేయించండి. పల్లికారం స్టవ్ కట్టేసే ముందు మాత్రమే వేయండి. చింతపండు, టమాట, నిమ్మ లాంటి పులుపు ఏదైనా ముక్క మెత్తబడ్డాకే. మీరు రాసిన నాలుగు తిప్పలూ ఎక్కువగా ఈ వరుస తప్పడం వల్ల వచ్చినవే.

ఇక వివరంగా. అరకిలో బీన్స్‌కు లెక్క చెప్తున్నాను, నలుగురికి రొట్టెలోకి సరిపోతుంది. మీరొక్కరే కాబట్టి సగం చేసుకోండి, కానీ నూనె మరీ సగానికి తగ్గించకండి, రెండు పెద్ద చెంచాలు ఉండనివ్వండి.

బీన్స్ అరకిలో, నూనె మూడు పెద్ద చెంచాలు (పల్లినూనె అయితే రుచి కలిసొస్తుంది), మధ్యరకం ఉల్లిగడ్డ ఒకటి, ఆవాలు, జీలకర్ర అర టీ చెంచా చొప్పున, కల్యామాకు రెండు రెబ్బలు, పసుపు పావు టీ చెంచా, ఉప్పు ఒక టీ చెంచా తలకొట్టి. పల్లికారానికి పల్లీలు 50 గ్రాములు (చేతికి రెండు గుప్పెళ్లు), నువ్వులు ఒక పెద్ద చెంచా, ఎండు మిరపకాయలు ఐదారు, ఎల్లిగడ్డ రెబ్బలు ఆరు, ఎండుకుడుక తురుము ఒక పెద్ద చెంచా, జీలకర్ర అర టీ చెంచా, ఉప్పు పావు టీ చెంచా. కుడుక లేకున్నా కూర ఆగదు. ఎల్లిగడ్డ లేకపోతే మాత్రం ఇది వేరే కూర.

కాయ ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది. బీన్స్‌ను మధ్యలో వంచితే పటుక్కున విరగాలి, విరిగిన చోట తడి కనిపించాలి. వంగి, నలిగి, తోలులా సాగితే అది వాడినదో ముదిరినదో. గింజ బయటికి ఉబ్బి కాయ గతుకులుగా కనిపిస్తే ముదురని లెక్క. ముదురు కాయ తోలు ఎంతసేపు మగ్గినా మెత్తబడదు. రబ్బరులా ఉందని మీరు రాసినదాంట్లో సగం తప్పు మీ వంటది కాదు, ఆ రోజు తెచ్చిన కాయది. అట్లాంటి కాయలు ఇంటికొచ్చేశాయా, పారేయకండి. గింజలు ఒలిచి పప్పులో వేసుకోండి, తోలు వదిలేయండి.

బీన్స్ చల్లదనాన్ని కోరే పంట. ఎండ బాగా ముదిరితే పూత రాలిపోతుంది, పట్టిన కాయ కూడా తొందరగా నార పడుతుంది. అందుకే చలికాలంలో చవగ్గా, లేతగా దొరికే కాయ ఏప్రిల్, మే నెలల్లో ధర పెరిగి, దూరం నుంచి లారీలెక్కి వచ్చి, వాడిన ముఖంతో కనిపిస్తుంది. ఆ రెండు నెలలూ నన్నడిగితే గోకరకాయో దొండకాయో మేలు.

తెచ్చిన కాయను కడిగి ఫ్రిజ్‌లో పెట్టకండి. తడి ఉంటే రెండ్రోజుల్లో జిగురు పడుతుంది. పొడి బట్టలోనో కాగితంలోనో చుట్టి కింది కూరగాయల పెట్టెలో పెట్టండి, నాలుగైదు రోజులు ఉంటుంది. పైఅరలో, ఐసు గడ్డకట్టే చోటికి దగ్గరగా పెడితే కాయ మీద తుప్పు మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయి. అది పురుగు కాదు, చలిదెబ్బ. మచ్చ వరకు కోసేసి వాడుకోవచ్చు.

తొడిమ తుంచేటప్పుడు పక్కనుంచి కిందికి లాగండి. నార ఉంటే దారంలా ఊడి వస్తుంది. రెండో కొసనుంచి కూడా ఒకసారి లాగి చూడండి, నార రెండు అంచులకూ ఉంటుంది. ఇప్పుడొచ్చే రకాల్లో చాలావాటికి నార ఉండదు, కానీ ఒక కాయకు కనిపిస్తే ఆ మొత్తం కుప్పకూ తీయాల్సిందే. ముక్కలు చిటికెనవేలి గోరంత, అంటే అర అంగుళంలోపు. పెద్ద ముక్క లోపల ఉడికేలోపు బయట తోలు ముడతలు పడుతుంది. అన్నీ ఒకే కొలత ఉండాలి. సగం గోరంత, సగం వేలంత కోస్తే సగం ముద్ద, సగం పచ్చి, ఏ మంట పెట్టినా అంతే. కడగడం కోయకముందే కానివ్వండి. కోశాక కడిగితే కోసిన చోట నీరు పట్టుకుంటుంది, మూకుట్లో వేయంగానే అదంతా బయటికొస్తుంది.

ముందు పల్లికారం చేసి పక్కన పెట్టుకోండి, ఎందుకంటే అది చల్లారాలి. పల్లీలను నూనె లేకుండా సన్నమంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. తొందరపడి మంట పెంచితే పైపొట్టు మాడి లోపల గింజ పచ్చిగానే ఉంటుంది, ఆ పచ్చి వాసన కూరంతా పట్టుకుంటుంది. ఒక గింజను రెండుగా చీల్చి చూడండి. లోపలి ముఖం తెలుపు పోయి లేత గోధుమరంగు తిరిగితే చాలు. దించాక కూడా మూకుడు వేడికి ఇంకొంచెం వేగుతాయి, కాబట్టి వెంటనే పళ్లెంలోకి వంచేయాలి. నువ్వులు చిటపటలాడే దాకా, అర నిమిషం చాలు, ఆపైన చేదు. మిరపకాయలు అర చెంచా నూనెలో ఉబ్బేదాకా, కుడుక ఆ వేడిలోనే చివర్లో.

అంతా చల్లారాక మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు ముందు తిప్పండి. తర్వాత పొట్టు తీసిన పల్లీలు, నువ్వులు, కుడుక వేసి ఆపి ఆపి నాలుగైదు సార్లు. ఎల్లిగడ్డ అన్నిటికన్నా చివర, ఒక్కసారి మాత్రమే. పొడి బొంబాయి రవ్వ కంటె కొంచెం బరకగా ఉండాలి. మిక్సీ ఆపకుండా తిప్పితే పల్లీల నూనె బయటికొచ్చి పొడి కాస్తా ముద్దవుతుంది. వేడి మీద తిప్పినా అదే జరుగుతుంది. కారం అడుగున ముద్దగా పేరుకుంటోందన్నారు చూడండి, అందులో ఇదొక కారణం. రోట్లో దంచితే ఈ తిప్పలే లేదు. రూములో రోలెక్కడిది అంటారేమో, చిన్న దంచుడు రాయి ఉన్నా ఇంతమటుకు పొడికి చాలు.

పల్లీల విషయంలో ఒక హెచ్చరిక. వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల వైపు యాసంగి పల్లి చేతికొచ్చే రోజుల్లో కొత్త గింజ దొరుకుతుంది. దానికి తీపి ఎక్కువ, పచ్చిదనమూ ఎక్కువ, కాబట్టి రెండు నిమిషాలు అదనంగా వేయించాలి. వానాకాలంలో దుకాణంలో నిల్వ ఉన్న గింజను కొనేటప్పుడు ఒకటి నోట్లో వేసుకొని చూడండి. ముక్కిన వాసన వస్తే వేయించినా పోదు. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఒక్కొక్కటే ఏరి పారేయాలి. పల్లీల బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పూర్తిగా పోయేది కాదు.

ఇప్పుడు కూర. మూకుడు వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. నూనె కాగాక ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, కల్యామాకు, ఆ వెంటనే ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ ఎర్రగా వేగక్కర్లేదు, అంచులు మెత్తబడితే చాలు. పసుపు వేసి బీన్స్ అంతా ఒకేసారి వేయండి. మంట పెద్దది. ఇక్కడ ఉప్పు వేయకండి, మూత పెట్టకండి. నాలుగు నిమిషాలు గంటెతో కింది నుంచి పైకి తిప్పుతుండండి.

ఉప్పు ఎందుకు వేయొద్దంటే, ఉప్పు పడగానే ముక్క నీరు వదులుతుంది. ముక్కకు నూనె పట్టకముందే నీరు వస్తే అది వేగదు, తన నీళ్లలో తనే ఉడుకుతుంది. మీ కూర నీళ్లూరడానికి పెద్ద కారణం బహుశా ఇదే. అట్లాగని ఉప్పు చివర్లో వేసినా కుదరదు. లోపలికి ఇంకే సమయం ఉండదు, ముక్క చప్పగా, పైన ఉప్పగా ఉంటుంది. నాలుగు నిమిషాల తర్వాత అన్నది ఈ రెంటి మధ్య దొరికిన సమయం.

మూత ఎందుకు వద్దంటే రంగు కోసం. ఆకుపచ్చ రంగు పత్రహరితంది. ఆ పదార్థం నడుమ మెగ్నీషియం ఉంటుంది. కాయలోనే సహజంగా కొంత పులుపు గుణం ఉంటుంది. వేడికి కాయ కణాలు పగలంగానే ఆ పులుపు బయటపడి మెగ్నీషియాన్ని తోసేస్తుంది, అప్పుడు రంగు ఎండిన చింతాకు రంగుకు తిరుగుతుంది. ఆ పులుపులో కొంత ఆవిరితో పాటు ఎగిరిపోయేదే. మూత తెరిచి ఉంటే పోతుంది, మూసి ఉంటే మూతకు పట్టి చుక్కలుగా మళ్లీ కూరలోనే పడుతుంది. మొదటి నాలుగు నిమిషాలు తెరిచి ఉంచితే చాలా నష్టం తప్పుతుంది. చింతపండు రసమో టమాటో ముందే వేస్తే మాత్రం మూత తీసినా ఫలితం లేదు. రంగు పోవడం ఒక్కటే కాదు, పులుపు తగిలిన ముక్క తొందరగా మెత్తబడదు కూడా. టమాటతో కలిపి మగ్గించిన రోజే మీ ముక్క రబ్బరులా సాగిందేమో గుర్తు తెచ్చుకొని చూడండి.

నాలుగు నిమిషాలయ్యాక ఉప్పు వేసి, రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు చిలకరించి, మంట తగ్గించి మూతపెట్టండి. ఆరేడు నిమిషాలు, మధ్యలో ఒక్కసారి కలపండి. మాటిమాటికీ మూత తీస్తే ఆవిరి పోయి మళ్లీ నీళ్లు పోయాల్సి వస్తుంది.

ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గడియారం కన్నా చెయ్యి, నోరు నమ్మకం. ఒక ముక్క తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కండి. తోలు లొంగి, లోపలి గింజ మెత్తగా అణగాలి, కానీ ముక్క చిట్లి నీళ్లు రాకూడదు. తర్వాత కొరకండి. పచ్చి బీన్స్ పళ్ల కింద కిర్రుమంటుంది, తడి గాజు మీద వేలు రుద్దినట్టు. ఆ కిర్రు పోయి, పలుకు మిగిలి ఉంటే అదే అదను. కిర్రుమన్నంతసేపు ఇంకో రెండు నిమిషాలు మూత పెట్టండి.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. పలుకు పేరుతో పచ్చిగా తినకండి. బీన్స్ రాజ్మా జాతిదే, అదే మొక్క లేతకాయ. రాజ్మాలో ఉన్నట్టే పచ్చికాయలోనూ కడుపును ఇబ్బంది పెట్టే లెక్టిన్ అనే ప్రొటీన్ కొంత ఉంటుంది. బాగా ఉడికితే అది పోతుంది. గింజ పడ్డ కాయలైతే ఇంకొంచెం ఎక్కువసేపు ఉడకనివ్వాలి. సలాడ్లలో పచ్చి ముక్కలు వేసుకోవడం మంచి అలవాటు కాదు.

మూత తీశాక చెవి పెట్టి వినండి. నీరు ఉన్నంతసేపు మూకుట్లో బుడబుడమని బరువైన శబ్దం వస్తుంది. నీరు ఇంకిపోంగానే అది సన్నటి చిటచిటగా మారుతుంది, అంచుల్లో నూనె మెరుస్తూ తేలుతుంది. ఆ శబ్దం మారిన తర్వాత ఇంకో రెండు నిమిషాలు, ఎక్కువ వద్దు. శబ్దం మారకముందు పల్లిపొడి వేయకూడదు. నీరున్న ముక్క మీద పొడి వేస్తే ఆ నీటినంతా పొడి తాగి జావలాగై అడుగంటుతుంది. పూర్తిగా ఎండిపోయి, నూనె కూడా లేని ముక్క మీద వేస్తే పొడి పట్టడానికి ఆధారం ఉండదు, జారి కిందికి పోతుంది. ముక్క మీద పలచటి నూనె పొర ఉన్నప్పుడే పొడి అంటుతుంది. నూనె తగ్గించి వండే అలవాటుంటే పొడి వేసే ముందు ఒక చెంచా నూనె పక్కనుంచి వదలండి. అదే నూనె మొదట్లో పోసినదానికంటె ఎక్కువ పని చేస్తుంది.

మంట పూర్తిగా తగ్గించి, మూడు నాలుగు పెద్ద చెంచాల పల్లికారం చల్లి, ఒక నిమిషం కలిపి కట్టేయండి. పొడిలో ఉన్నవన్నీ ముందే వేగినవి, మళ్లీ వేయిస్తే నువ్వులు చేదెక్కుతాయి, ఎల్లిగడ్డ మాడుతుంది. మిగిలిన పొడిని సీసాలో పెట్టుకోండి. పచ్చి ఎల్లిగడ్డ కలిసింది కాబట్టి ఫ్రిజ్‌లో వారం, పది రోజులు. ఇడ్లీలోకి, వేడన్నంలోకి నెయ్యితో పనికొస్తుంది.

ఇనుప మూకుడైతే కట్టేసిన వెంటనే కూరను వేరే గిన్నెలోకి తీయండి. ఇనుములో వదిలేస్తే చల్లారేలోపు నల్లబడుతుంది. అందులో నిమ్మరసం పిండితే ఇంకా తొందరగా, పైగా ఇనుప రుచి. పులుపు కావాలంటే గిన్నెలోకి తీశాక పిండుకోండి.

కుక్కర్ సంగతి. మామూలు ఇంటి కుక్కర్లో ఒత్తిడికి లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. లేత బీన్స్‌కు అది చాలా ఎక్కువ. విజిల్ వచ్చేదాకా పట్టే సమయం, ఒత్తిడి దిగేదాకా పట్టే సమయం కలిపితే ముక్క పదిపన్నెండు నిమిషాలు మూసిన ఆవిరిలో ఉంటుంది. రంగు పోతుంది, ముక్క ముద్దవుతుంది, పైగా ఒకరోజు కుదిరినట్టు ఇంకోరోజు కుదరదు. కుక్కర్ తప్ప వేరే గిన్నె లేదంటే వెయిట్ పెట్టకుండా వాడండి. అడుగున కొద్దిగా నీళ్లు, పైన చిల్లుల గిన్నెలో ముక్కలు, ఆవిరి మీద ఏడెనిమిది నిమిషాలు. ఆ ముక్కలను పోపులో వేసి నీరు ఇంకించుకోండి.

ఆకుపచ్చ రంగే ముఖ్యమనుకుంటే, ఇంటికి చుట్టాలొచ్చే రోజో, పెద్ద మొత్తంలో చేసే రోజో, వేరే దారి ఉంది. పెద్ద గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు మరగనిచ్చి, ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి, అరకిలో ముక్కలు ఒకేసారి వేయండి. మూత లేకుండా నాలుగైదు నిమిషాలు. వెంటనే జల్లిలో వంచి, బట్ట మీద పరిచి ఫ్యాన్ కింద పది నిమిషాలు ఆరనివ్వండి. కుప్పగా వదిలేస్తే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. నీళ్లు ఎక్కువ ఎందుకంటే కాయ వదిలే పులుపు అందులో పలచబడిపోతుంది. ఈ పద్ధతిలో రంగు బాగా నిలుస్తుంది, రుచి మాత్రం కొంచెం నీళ్లలో పోతుంది. మూకుట్లో మగ్గిన ముక్కకున్న కమ్మదనం దీనికి రాదు. రోజువారీకి మూకుడు పద్ధతే మంచిదని నా లెక్క. రంగు కొంచెం తగ్గితే తగ్గనీండి.

రంగు కోసం చిటికెడు వంటసోడా వేసేవాళ్లున్నారు. రంగు నిలిచేమాట నిజమే, కానీ తోలు జిగురుజిగురుగా కరిగిపోతుంది, సబ్బు రుచి తగులుతుంది, విటమిన్లలో బి1, సి దెబ్బతింటాయి. వద్దు.

నీళ్ల గురించి మన జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. కొన్ని బోర్ల నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది కదా, బీన్స్‌కూ అదే వర్తిస్తుంది. గట్టి నీళ్లలోని కాల్షియం కాయ కణాల గోడలను అతికి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టి బిగిస్తుంది. మూకుడు పద్ధతిలో పోసేది రెండు మూడు చెంచాలే కాబట్టి తేడా అంతగా తెలియదు. నీళ్లలో ఉడికించే పద్ధతి అయితే భగీరథ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో పోయండి.

డబ్బా సంగతి. వేడివేడిగా మూత బిగిస్తే ఆవిరి నీరై పొడిలోకి దిగుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ అదే ముద్ద. కూరను పళ్లెంలో పరిచి పావుగంట ఆరబెట్టి, తర్వాత డబ్బాలో పెట్టండి. నల్లగొండ ఎండలు 44, 45 డిగ్రీలు పోయే రోజుల్లో డబ్బా కూరలో ఉల్లిగడ్డ, కుడుక మానేయండి. అవి రెండూ తొందరగా వాసన పడతాయి. ఎల్లిగడ్డ, పల్లి, నువ్వులు చాలు. టమాట, పచ్చికొబ్బరి ఆ రోజుల్లో అసలే వద్దు.

ఒకేసారి కిలో చేయాలనుకుంటే రెండు విడతలుగా చేయండి. మూకుడు నిండా ముక్కలు పోస్తే కిందివి వేగుతాయి, పైవి ఉడుకుతాయి. ముక్కల మందం రెండు వేళ్లకు మించకూడదు.

ఇదే పద్ధతి వేరే కాయలకు పనిచేస్తుందా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తాను. గోకరకాయకు నేరుగా పనిచేయదు. దానికి వగరు, కొంచెం చేదు, గింజలో జిగురు ఎక్కువ. ముందు ఉప్పునీళ్లలో పది పన్నెండు నిమిషాలు ఉడికించి, నీళ్లు పారబోసి, పిండకుండా వార్చి, తర్వాత పోపులో వేయాలి. పల్లికారం మాత్రం దానికే ఎక్కువ నప్పుతుంది, బీన్స్ కన్నా. పొడవు బొబ్బరికాయ తొందరగా ఉడుకుతుంది, నీళ్లు చిలకరించే పనే లేదు. చిక్కుడుకాయకు టమాట బాగుంటుంది, అది కూడా ముక్క మెత్తబడ్డాకే. పాలమూరు వైపు సంక్రాంతికి దొరికే అనపకాయను ఈ జాబితాలో కలపకండి. దాని గింజ ఒలిచి చేసే కూర దారే వేరు.

పాడైన కూరను బాగుచేయడం ఎట్లా అని కూడా అడిగారు. నీళ్లూరిందంటే ఇంకా పొడి వేయకండి, మూత తీసి మంట పెంచండి. పొడి వేశాక నీళ్లు కనిపిస్తే ఒక పెద్ద చెంచా పుట్నాల పొడి చల్లండి, తేమను పీల్చుకుంటుంది. ముక్క గట్టిగా ఉంటే వేడినీళ్లు మూడు చెంచాలు చిలకరించి నాలుగు నిమిషాలు మూత పెట్టండి. పులుపు ముందే పడి ఉంటే దానికి పది నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఉప్పెక్కువైతే ఉప్పులేని పల్లిపొడి రెండు చెంచాలు. కారం ఎక్కువైతే ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు, లేదా రెండు కోడిగుడ్లు కొట్టి పోసి తిప్పేయడం, అది ఇంకో మంచి కూర అవుతుంది.

పూర్తిగా ముద్దైపోయిందనుకోండి, దాన్ని కూర అని వడ్డించకుండా తొక్కు చేసేయండి. రెండు పచ్చిమిరపకాయలు, చిన్న ఉసిరికాయంత చింతపండు, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, గుప్పెడు వేయించిన పల్లీలు వేసి బరకగా నూరి, పైన ఆవాల పోపు. జొన్నరొట్టెలోకి అది చాలా బాగుంటుంది. రాత్రికి మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు పొద్దున వేడి చేసేటప్పుడు మాత్రం మూత పెట్టకండి, నీళ్లు పోయకండి. అర చెంచా నూనె వేసి, మూకుట్లో రెండు నిమిషాలు సన్నమంట మీద తిప్పితే పొడి మళ్లీ విడివిడిగా వస్తుంది.